పుర్రచెయ్యి

తంబయ్య అయ్యవారిని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన నోటితో జవాబు చెప్పడం తక్కువ. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేవాడు. ఓర్పు అంటే ఏమిటని అడిగిన ఒక శిష్యుణ్ణి ఏట్లోకి తీసుకుపోయి, పారే నీళ్ళలో అద్దకపు గుడ్డ పట్టుకుని కదలకుండా నిలబడమన్నాడట. పొద్దు వాలేదాకా నిలబడి, పళ్ళు టకటకలాడుతూ గట్టెక్కిన ఆ శిష్యుడు మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు. స్వర్ణముఖి ఒడ్డున, గుడ్డమీద కలంతో దేవుళ్ళ బొమ్మలు గీసి రంగులు వేసే పనివాళ్ళకు ఆయన గురువు. ఏటి ఇసకకు ఆనుకుని రేకుల సావిడి ఒకటి ఉంది. అందులో ఆడామగా నేలమీద వరసగా కూర్చుని గీస్తారు. పని నేర్చుకోవడానికే కాదు, ఇంట్లో గొడవ వచ్చినా, మనసులో గుబులు పుట్టినా ఆ సావిడి మెట్లెక్కడం వాళ్ళకు అలవాటు.

అంజూరమ్మ మాత్రం ఆ రోజు ప్రశ్న అడగడానికి వచ్చినట్టు రాలేదు, పోట్లాటకు వచ్చినట్టు వచ్చింది. నలభై దాటిన మనిషి. పెనిమిటి పోయి చాలా కాలమైంది. ఆమె గీసినంత సన్నగా, మధ్యలో ఆగకుండా గీత గీసేవాళ్ళు ఆ సావిట్లో ఇంకొకరు లేరు. కానీ నోరు విప్పి నలుగురిలో గట్టిగా మాట్లాడిన రోజు కూడా లేదు. అట్లాంటిది ఆ మధ్యాహ్నం, కాళ్ళ కింద ఇసక కాలుతున్నా పట్టించుకోకుండా, పైటచెంగు బొడ్లో దోపుకుని, మొగం కందగడ్డ చేసుకుని వచ్చింది. వెనకాల కొంచెం ఎడంగా కస్తూరి నడుస్తోంది. ఆమె పెంచుకున్న పిల్ల. పద్నాలుగేళ్ళు. తల ఎత్తకుండా వచ్చి, సావిడి బయట తిన్నెమీద కూలబడి, మోకాళ్ళలో మొగం దాచుకుంది.

ముందురోజు జరిగింది ఊరంతటికీ తెలుసు. సావిట్లో కస్తూరి పక్కనే సుగుణమ్మ కూర్చుని అమ్మవారి పటం గీస్తోంది. సుగుణమ్మ పనిలో పెద్దది, మాటలో ఇంకా పెద్దది. గుడికి ఇవ్వాల్సిన పటం అది, ఎన్నాళ్ళనుంచో గీస్తోంది. కస్తూరి తన చిన్న ముక్కమీద నెమలి గీస్తుంటే మెడ వంకర పోయింది. ఆ పిల్ల గీతలు వంకర పోవడం కొత్త కాదు. సుగుణమ్మ తొంగిచూసి, "వంకర రక్తానికి వంకర గీత గాక, తిన్నని గీత యాడినుంచి వస్తాదిమే?" అంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "నిన్ను చూసే మీయమ్మ కండ్లు మూసింది, ఏం జూసిందో ఏమో" అని కూడా అంది. పిల్ల లేచింది. కసిం కుండ ఎత్తింది. ఇనప తుక్కూ బెల్లమూ నీళ్ళలో మురగబెట్టి తీసిన రసాన్ని కసిం అంటారు. నల్లగీతలకు అదే సిరా. ఆ కుండ పోయి సూటిగా పటం నడిమధ్యన పగిలింది. అమ్మవారు, సింహం, చుట్టూ అల్లిన తీగలు, అన్నీ ఒక్క మసి మడుగైపోయాయి.

తల్లిని అన్న మాటతో ఆ పిల్లకు తగిలిన దెబ్బను ఎవరూ చూడలేదు. అందరూ చూసింది ఏ చేత్తో విసిరిందనే. "ఎడంచేత్తో! చూసినారా, పుర్రచేత్తో!" అని ఒకరు, "వాళ్ళ నాయన కొడవలి ఎత్తిందీ ఆ చేత్తోనే గదా" అని ఇంకొకరు. కస్తూరి కన్నతండ్రి కేశవులుది పుర్రచేతివాటం. జాతరలో తాగి, మాటా మాటా పెరిగి ఒక మనిషిని నరికాడు. ఆ మనిషి చచ్చిపోయాడు. కేశవులు జైల్లోనే జ్వరమొచ్చి పోయాడు. అప్పటికి ఈ పిల్ల తల్లి కడుపులో ఉంది. కాన్పులో తల్లీ పోయింది. అయినవాళ్ళు ఒక్కరూ గడప తొక్కకపోతే, పక్కింటి అంజూరమ్మ ఆ పసిగుడ్డును పైటలో చుట్టుకుని తెచ్చుకుంది. ఇంత జరిగిన కథలో ఊరికి గుర్తున్నది కొడవలి ఒక్కటే. పైట గుర్తులేదు. "ఆ పిల్లన్నా ఉండాల, నేనన్నా ఉండాల" అని సుగుణమ్మ కూర్చుంది. అయ్యవారు "రేపు చెప్తా" అన్నాడు. ఈ సావిడి కాదంటే ఇంక కస్తూరికి ఏటి అవతల ఇటుకల బట్టీనే గతి. ఎవరి బిడ్డవని అడగనిది ఆ ఒక్క చోటే. అందుకే అంజూరమ్మ రాత్రంతా కంటిమీద కునుకు లేకుండా గడిపి, ఇప్పుడు మెట్లెక్కింది.

"అయ్యవారూ, ఒక మాట అడగాల. మనిషంటే రక్తమేనా? పెంచిన చెయ్యికి ఏ లెక్కా లేదా?"

తంబయ్య వెదురుపుల్ల చెక్కుతూ కలం చేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "కూర్చో తల్లీ."

"కూర్చోను. కూర్చుంటే నా నోరు మూసుకుపోతాది, నాకు తెలుసు. ఆ బిడ్డ వాళ్ళ నాయన మొగం చూసిందా? ఆయన మాట విన్నిందా? ఆయన పెట్టిన ముద్ద తినిందా? నా మాట విన్నింది, నా ముద్ద తినింది, నా పక్కలో పండుకునింది. అట్లాంటప్పుడు ఆయన బుద్ధి దానికెట్ల వస్తాది? గాల్లో ఎగిరొస్తాదా?"

సుగుణమ్మ కొత్త గుడ్డ పరుచుకుని బొగ్గుపుల్లతో పటం మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పుల్ల ఆపకుండానే, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంట. పెద్దోళ్ళు ఊరికే అన్లేదు" అంది.

"ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని గూడా ఆ పెద్దోళ్ళే అనినారు సుగుణక్కా! నీకు పనికొచ్చే సామెతే నీకు గుర్తుంటాది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో అంజూరమ్మకు ఇంకాస్త ఊపు వచ్చింది.

"గ్లాసు జారిపడితే రక్తం. నీళ్ళు తొణికితే రక్తం. అన్నం వద్దంటే రక్తం. మాట్లాడితే పొగరు, అది వాళ్ళ నాయన రక్తం. మాట్లాడకపోతే కుట్ర, అది గూడా వాళ్ళ నాయన రక్తమే. మీ మనవడు మొన్న రాయేసి కుక్క కాలు ఇరగ్గొట్టినాడే, అది ఎవురి రక్తం సుగుణక్కా? మీ నాయనదా, మీ మామదా? దానికేమో 'చిన్నబ్బోడు గదా, చిలిపి' అంటివి. నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఊరందురికీ రక్తం కనపడతాది. అది పుట్టినప్పటినుంచీ మీరంతా దాని మొగంలో దాన్ని చూడలా, చచ్చినోణ్ణి వెతకతా ఉండారు!"

అంజూరమ్మకే తన గొంతు కొత్తగా వినిపించింది. కానీ ఆగలేదు. ఇన్నేళ్ళు మింగిందంతా ఒకేసారి పైకి వస్తోంది. గురువు వైపు తిరిగింది.

"నేను దాన్ని ఎంత దిద్దుకున్నానో మీకు తెలుసు అయ్యవారూ. రక్తమే గెలిచేదైతే ఆ చెయ్యి మారేదా? మూడో ఏట, కూడు పెడితే పుర్రచెయ్యి చాపింది. నా గుండె జారిపోయింది. ఆ పొద్దే కట్టేసినా. ఆ చేత్తో తిననీలా, ఇవ్వనీలా, ముగ్గెయ్యనీలా, కలం పట్టనీలా. కొడితే కొట్టినా, ఏడిస్తే ఏడిచినా గానీ కుడిచెయ్యి అలవాటు చేసినా. అది పెంపకం గాదా? రక్తాన్ని నేను తిప్పలేదా?"

తంబయ్య చేతిలో చాకు ఆగింది. "ఎట్ల కట్టేదానివి?"

"ఎట్లేముంది, పేలికతో. మణికట్టుకో ముడి, నడుముకో ముడి. చిన్నప్పుడు దినమంతా. పెద్దదైనాక ఇక్కడ పనిలో కూర్చునేటప్పుడు మాత్రం. పొద్దున్నే జడేసినట్టే, చెయ్యి గూడా కట్టి పంపిస్తా. గుడ్డ జరక్కుండా నాలుగు మూలలా రాళ్ళు పెడతా. ఎంత శ్రద్ధ అంజూరా నీకు అని సుగుణక్క గూడా అనేది. అడగండి."

"అనినా" అంది సుగుణమ్మ. "లేదనను."

తంబయ్య చాకు పక్కన పెట్టాడు. "సుగుణా, ఒక పేలిక తీసుకురా. అంజూరమ్మ చెయ్యి కట్టు. కుడిది."

"నాదా?" అంది అంజూరమ్మ. "నాదెందుకు? నేనడిగిందానికి బదులు చెప్పండి అయ్యవారూ!"

అయ్యవారు పని అప్పగిస్తే చెయ్యడమే తప్ప ఎందుకని అడగడం ఆ సావిట్లో లేదు. సుగుణమ్మకు మాత్రం ఆ పని పండగలా ఉంది. రెండు ముడులూ బిగించి వేసి, సరిపోయిందా లేదా అని లాగి కూడా చూసింది. తంబయ్య కరక్కాయ నీళ్ళలో, ఎనుము పాలలో ముంచి ఆరేసిన గుడ్డ ఒకటి నేలమీద పరిచాడు. మూలల్లో రాళ్ళు పెట్టాడు. కసిం కుండ, కలం ముందుకు జరిపాడు.

"ఒక చిలక గియ్యి. నిద్దట్లో లేపినా గీస్తావే, ఆ చిలకే."

అంజూరమ్మ ఎడమచేత్తో కలం అందుకుంది. కలాన్ని వేళ్ళ మధ్య నిలబెట్టడానికే చెమట పట్టింది. చెయ్యి తనది కానట్టుంది. తల చెప్పేది ఒకటి, వేళ్ళు చేసేది ఒకటి. కలానికి చుట్టిన ఉన్నిని ఎంత నొక్కాలో బొటనవేలికి తెలియడం లేదు. నొక్కితే రసం బొటబొటా కారుతుంది, నొక్కకపోతే గీత పడదు. చిలక ముక్కు గారె అంత అయింది. మెడ దగ్గర చుక్క పడి మచ్చ కట్టింది. అక్కడ నడుము దగ్గర, ముడి కింద, కట్టేసిన కుడిచేతి వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. ఆ గాలిలో చిలక సరిగ్గానే వస్తోంది.

"మనసు పెట్టు" అన్నాడు తంబయ్య.

ఇంకొకటి మొదలుపెట్టింది. చుట్టూ పనివాళ్ళు కలాలు కింద పెట్టి చేరారు. సుగుణమ్మ వంగి చూసింది. "చిలకా అది? తోక తెగిన బల్లి మాదిరి ఉండాదే!"

అందరూ నవ్వారు. నిన్నటిదాకా ఎవరి గీతకు వేలెత్తి చూపే అవసరం రాలేదో, ఆ మనిషి గీతను చూసి నవ్వారు. అంజూరమ్మ చెవులు వేడెక్కాయి.

"ఒళ్ళు దగ్గర పెట్టుకుని గియ్యి" అన్నాడు తంబయ్య. "ఎన్నిసార్లు చెప్పాల నీకు?"

ఆ మాటలు కస్తూరి గీసేటప్పుడల్లా ఎవరో అనేవే. ఎవరో ఆలోచించే తీరిక ఆమెకు లేదు. మూడో చిలకకు కన్ను పెట్టబోతే కలం జారి, కన్నుండాల్సిన చోట గీత సర్రున తోకదాకా పోయింది.

"పాపం, పూలు కట్టే చెంగయ్య బిడ్డ" అంది సుగుణమ్మ, జాలి పడుతున్నట్టు. "వాళ్ళ నాయన వేళ్ళలో ఏం వాటం ఉండేది! ఈమెకు రాలా. ఏం చేస్తాం, కొందురికి..."

ఆ మాట పూర్తి కాలేదు. అంజూరమ్మ కుండ ఎత్తింది. ఎవరిమీదని చూడలేదు. ఎందుకని అనుకోలేదు. చెయ్యి లేచింది, విసిరింది. కుండ పోయి సావిడి గుంజకు తగిలి పెంకులు పెంకులుగా రాలింది. కసిం అంతా చిమ్మింది.

సుగుణమ్మ తెరిచిన నోరు అట్లాగే ఉంచేసింది. గుంజమీదనుంచి చుక్కలు ఒక్కొక్కటే కారుతున్నాయి. అంజూరమ్మ కిందికి చూసింది. ఒకే కుండలోని రసం. పరిచిన గుడ్డమీద పడింది చూస్తుండగానే కాటుక నలుపు తిరిగింది. ఆమె నేతచీర కుచ్చెళ్ళమీద పడింది మాత్రం లేత తుప్పు మరకలా నిలిచిపోయింది, అంతే. కరక్కాయ పట్టిన గుడ్డమీదే కసిం నల్లబడుతుంది, చీరకు కరక్కాయ పెట్టలేదు మరి. తంబయ్య కూడా ఆ రెండు మరకలనూ చూశాడు.

"అంజూరమ్మా" అన్నాడు మెల్లగా. "మీ నాయన ఎవురిని నరికినాడు?"

చెంగయ్య దారిలో చీమల బారు కనపడితే పక్కకు తప్పుకుని నడిచే మనిషి. బతికినన్నాళ్ళూ గుడి ముందు దండలు కట్టాడు. దండకు ఎవరైనా వంక పెడితే ఆ దండ విప్పి మళ్ళీ కట్టేవాడు గానీ ఎదురు మాట అనేవాడు కాదు. అది ఆ సావిట్లో అందరికీ తెలుసు.

ఎప్పుడు లేచి వచ్చిందో, కస్తూరి ఆమె పక్కన కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండానే ముడి విప్పడం మొదలుపెట్టింది. సుగుణమ్మ బిగించిన ముడి. ఎవరైనా గోళ్ళు విరగ్గొట్టుకుని, ఆఖరికి పళ్ళతో లాగాల్సిందే. ఆ పిల్ల ఎడమచేతి రెండు వేళ్ళు ఆ ముడి కిందికి దూరి, ఎక్కడ వదులుందో తడిమి, ఒక్క మెలికతో దాన్ని విప్పేశాయి. నిన్న కుండ ఎత్తేముందు తన నడుము ముడి విప్పుకున్నదీ అట్లాగే. మణికట్టు చుట్టూ ఎర్రగా కమిలిన గీత ఉంది. కస్తూరి దానిమీద తన బొటనవేలితో రుద్దింది. ఎక్కడ ఎక్కువ నొప్పి పెడుతుందో ఆ పిల్లకు తెలుసు.

అంజూరమ్మ ఆ వేళ్ళను చూసింది. ఆ పిల్ల మణికట్టును చూసింది. అక్కడ ఎరుపు లేదు. ఎప్పుడో నల్లబడి, గట్టిపడి, గాజులా నిలిచిపోయిన చార ఉంది. దినమూ చూసేదే. చూడనిది. రక్తం లేదు, గిక్తం లేదు అని ఊరిమీద ఇంత గొంతేసుకుని అరిచిన మనిషి, పదకొండేళ్ళుగా పొద్దునపొద్దునా ఆ రక్తానికి భయపడే ముడి వేస్తూ వచ్చింది. సుగుణమ్మ నోటితో అన్నదాన్ని తను పేలికతో అంటూ వచ్చింది. ఆ సంగతి తలకెక్కగానే ఆమెకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. అది ఈసారి గురువుమీదికి పోయింది.

"మీరు చూస్తానే ఉండారు గదా అయ్యవారూ! దినమూ ఈ సావిట్లో మీ కండ్ల ముందరే కూర్చుంటాది. చెయ్యి కట్టుండేది మీకు కనపడలేదా? నేను బుద్ధి లేనిదాన్ని, బెదిరిపోయి కట్టినా. మీరు గురువు గదా? ఒక్కమాట, ఒకే ఒక్కమాట, 'విప్పు అంజూరా' అని మీ నోటినుంచి ఎందుకు రాలా?"

గురువును అట్లా నిలదీయడం అక్కడ ఎవరూ ఎరగరు. సుగుణమ్మ "ఏందిమే ఆ మాటలు" అనబోయింది. తంబయ్య చెయ్యెత్తి ఆపాడు.

"కనపడింది" అన్నాడు. "దేవుడి బొమ్మ కుడిచేత్తోనే గియ్యాలని మా గురువు చెప్పినాడు. నేనూ అదే మీకు చెప్పినా. ఎందుకని నేనూ అడగలా. నిన్న ఆ కుండ పోయిన పోకడ చూసినా. ఇంత పక్కకు పోలా, అంత పక్కకు పోలా. పన్నెండు నెలలూ వంకర గీత గీసే బిడ్డ చేతికి అంత గురి ఎట్ల వచ్చిందా అని రాత్రంతా అదే ఆలోచన."

ఆయన లేచి, తను కూర్చునే చాప దులిపి, కస్తూరిని రమ్మన్నాడు. ఇంకో గుడ్డ పరిచి మూలల్లో రాళ్ళు పెట్టి, వేరే కసిం కుండా, తన చాకుతో అప్పుడే చెక్కిన కొత్త కలమూ ఆ పిల్ల ముందు పెట్టాడు. "సుగుణమ్మ పటం పాడు చేసినావు. అది తప్పే. కసిం తీసి, రంగులు కాచి, గుడ్డను ఏటికి మోసి, ఆ పటం అయ్యేదాకా ఆమె పనిలో సగం పని నువ్వే చెయ్యాల. ఈ సావిడి వదిలి మాత్రం పోవొద్దు, గీసేటప్పుడు ఈ చాప మీదే కూర్చో. ఇంక ఆ చెయ్యి చాపు."

కస్తూరి కుడిచెయ్యి చాపింది. అలవాటు.

"అది గాదు."

సుగుణమ్మ ఇంక ఆగలేకపోయింది. "అయ్యవారూ, ఏందిది? నా పటం మసి చేసిందాన్ని నెత్తిన పెట్టుకోండి, మీ ఇష్టం. కానీ దేవుడి బొమ్మకు ఎడంచెయ్యా? ఆ చేత్తో ఏమేం కడుక్కుంటామో తెలిసీ? అపచారం గాదా? ఊరు ఏమంటాది, గుడివాళ్ళు ఏమంటారు?"

"నీ అమ్మవారికి ఎన్ని చేతులు గీసినావు సుగుణా?"

"ఎనిమిది. అదేం ప్రశ్న?"

"అందులో ఎడంచేతులు ఎన్ని?"

సుగుణమ్మ తన గుడ్డవైపు చూసింది. బొగ్గుగీతల్లో ఎనిమిది చేతులూ విచ్చుకుని ఉన్నాయి. "నాలుగు" అంది, గొంతు కొంచెం తగ్గించి.

"ఒక దాంట్లో శంఖం పెట్టినావు. ఒక దాంట్లో విల్లు పెట్టినావు. ఆ నాలుగు చేతులూ నరికేసి పటం తీసుకురాపో, అప్పుడు అపచారం గురించి మాట్లాడదాం."

ఈసారి నవ్వింది ఒకరిద్దరు కాదు. సుగుణమ్మ మొగం తిప్పుకుంది గానీ లేచి పోలేదు.

కస్తూరి ఎడమచేతిలోకి కలం తీసుకుంది. తీసుకుని ముందు అంజూరమ్మ వైపు చూసింది, దెబ్బ ఎటునుంచి పడుతుందో చూసినట్టు. ఆ చూపు అంజూరమ్మ గుండెలో గునపంలా దిగింది. ఆమె వంగి, గుడ్డ మూలలమీద రాళ్ళు ఒక్కొక్కటే తీసేసి అవతలికి విసిరింది. తన రెండు చేతులతో గుడ్డను సాగదీసి పట్టుకుంది. "గియ్యి" అంది. "నేను పట్టుకోనుండా."

గీత మొదలైంది. మొదలైనప్పుడు జంకు లేదు. కుడిచేతిలో కలం పట్టినప్పుడు ఆ పిల్ల భుజాలు చెవులదాకా లేచేవి, పళ్ళు బిగుసుకునేవి. ఇప్పుడు భుజాలు దిగాయి. ఊపిరి ఆడుతోంది. కానీ చెయ్యి అంత కాలంగా పనెరగనిది. వేళ్ళకు బలం చాలలేదు. చిలక మెడ బాగానే తిరిగి, రెక్క దగ్గరికి వచ్చేసరికి వణికింది. తోక ఎక్కడ ఆపాలో తెలియక గుడ్డ అంచుదాకా పోయింది. కన్ను ఒక పెద్ద సున్నా అయింది. కస్తూరి చెరపబోయింది. అంజూరమ్మ చెరపనివ్వలేదు.

సుగుణమ్మ అక్కడినుంచే మెడ సాచి చూసి, పెదవి విరిచింది. "ఏందిది, మూడేండ్ల బిడ్డ గీసినట్టుండాది! దీనికేనా ఇంత రచ్చ?"

అంజూరమ్మ చివ్వున తల ఎత్తింది. తంబయ్య కంటితోనే ఆమెను వారించి, ఆ గుడ్డమీదికి వంగాడు. మెడ తిరిగిన చోటు, రెక్క వణికిన చోటు, అన్నీ చాలాసేపు చూశాడు.

"సుగుణమ్మ చెప్పింది నిజమే" అన్నాడు. "చెయ్యి వాళ్ళ నాయన ఇచ్చిపోయినాడు. నువ్వు కట్టేసిన నాడే ఆగిపోయిన ఆ చేతికి ఇంకా మూడేండ్లే అంజూరమ్మా. పెంచు."